కింది అర

గ్రిమ్స్‌బీ రేవు ఆసుపత్రిలో
మందుల గది కింది అరలో ఉండేది అది.
వంగితే గాని అందదు.
అరవై ఏళ్ల పాత మందు.
ఒక రోజు మోతాదు ధరకి
చేపల కొట్టులో నిమ్మచెక్క కూడా రాదు.
కీళ్లు వాచినవాళ్లకి, ఒళ్లంతా దద్దుర్లు లేచినవాళ్లకి
చీటీ చూడగానే నా నడుం దానంతటదే వంగేది.
పేరు పైకి చదివే పని కూడా లేదు.

ఆ ఏప్రిల్‌లో
పై అరలన్నీ ఖాళీ.
కొత్త మందుల కోసం లండన్‌కి ఫోన్లు:
రేపు, ఎల్లుండి, చూద్దాం.
మేడమీది వార్డులో మనుషులు
పొడినేల మీద మునిగిపోతున్నారు.

డాక్టర్ అడెబోలా ఎక్స్‌రేని కిటికీకి ఆనించి చూపించింది.
"వైరస్ పని దాదాపు అయిపోయింది.
ఇప్పుడు తగలబెడుతున్నది మన కాపలావాళ్లే."
ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు
ఒళ్లు తన ఊపిరితిత్తుల్ని తానే.
ఎలుక చచ్చినా మంట ఆగలేదు.

మరి మంట మీద నీళ్లు చల్లితే?
మిగిలిన ఎలుకలు బతికిపోతాయేమో.
కాపలావాడికి జోలపాడితే
దొంగకి తలుపు తీసినట్టేమో.
ఎవరికీ తెలీదు.
తెలీదని పైకి అన్నవాళ్లు తక్కువ.

అందుకని చీట్లు వేశారు.
తీసేది చెయ్యి కాదు, కంప్యూటరు.
ఆరో మంచానికి మందు.
ఏడో మంచానికి రోజూ చేసేదే: ఆక్సిజన్,
బోర్లా తిప్పడం, గ్లవుజు లోపల మరివిక్ చెయ్యి.

ఆరో మంచం డెస్మండ్ అషర్,
ఐస్‌లాండ్ చలిలో ముప్ఫై ఏళ్లు వలలు లాగినవాడు.
ఫోన్లో భార్య ఐలీన్ మందు పేరు
రెండుసార్లు అడిగి రాసుకుంది. కాసేపు ఏం మాట్లాడలేదు.
"అది మా గ్రేహౌండ్‌కి ఇచ్చిందే కదా!
కాలు వాస్తే, పశువుల డాక్టరు.
మూడోనాటికి గోడ దూకి
పక్కింటివాళ్ల కేకు తినొచ్చింది."
నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఇంకోటయింది.
"ఇవ్వండి," అంది.

ఏడో మంచం క్లిఫర్డ్ బ్లాంచర్డ్, బడి బస్సు డ్రైవరు.
ఆయనా ఒప్పుకున్నాడు. చీటీ అటు పడింది.

ఆ రాత్రి కింది అర ముందు కూలబడ్డాను.
పెట్టె నిండా మాత్రలు, చేతికి జానెడు దూరంలో.
పైకి నలభై మూడు మెట్లు.
లెక్కపెట్టాను, ఎక్కలేదు.
మంచిదని తెలిస్తే ఎక్కేదాన్నే.
చెడ్డదని తెలిస్తే ఆరో మంచానికి అడ్డం పడేదాన్ని.
తెలీకపోవడం ఒక్కటే ఆ రాత్రి మా ధర్మకాటా,
దానికి రెండువైపులా మనుషులే.

జూన్‌లో లెక్క తేలింది.
రేడియోలో మందు పేరు పలకలేక తడబడ్డారు.
డెస్మండ్ అప్పటికి ఇంట్లో
మెట్టుమెట్టునీ తిట్టుకుంటూ నడక నేర్చుకుంటున్నాడు.
మందు వల్లనా? ఒక్కడి గురించి ఆ లెక్క నోరు విప్పదు.
వేలమందిని పక్కపక్కన పడుకోబెడితేనే కనపడుతుంది,
గట్టు మీదికెళ్తే గాని తెలియని
ఆటుపోటులా.

క్లిఫర్డ్ కళ్లజోడు కోసం కూతురొచ్చింది, హెస్టర్.
"మా నాన్నది ఏ చీటీ?"
చెప్పాను.
అద్దాన్ని స్కార్ఫుతో తుడిచింది,
శుభ్రంగా ఉన్నదాన్నే, చాలాసేపు.
"ఆయన వైపూ మనుషులుండాలి కదా.
లేకపోతే దేంతో పోలుస్తారు."
అది ప్రశ్న కాదు.
క్షమించడం అనుకోవడానికి కూడా నాకు ధైర్యం లేదు.

ఇప్పుడా మందు నడుమెత్తు అరలో ఉంది.
వంగక్కర్లేదు.
అయినా వంగుతాను, అలవాటు.
దాని చోట ఇంకేదో వాపుల మందు, పాతది,
పెట్టె మీద దుమ్ము.
వేలితో తుడిచి
దాని పేరు పైకి చదువుతాను.